లైంగికాపరాధులకు శిక్షా నిర్ణయము

లైంగికాపరాధము రుజువైన పిమ్మట ముద్దాయికి ఎంత శిక్ష విధింపవలెను, ఏ ప్రయోజనము నాశించి విధింపవలెను అను రెండు ప్రశ్నలకు న్యాయస్థానము చెప్పు సమాధానమునకు శిక్షా నిర్ణయమని పేరు. మొదటి ప్రశ్నకు చట్టమున అంకెలు కలవు. రెండవదానికి చట్టము ఎన్నడును సూటిగా సమాధానము చెప్పలేదు. చేసిన పాపమునకు తగిన దండన మనుభవింపవలెనని ఒక పక్షము, చూచినవారు భయపడి అట్టి పనికి పూనుకొనకుండవలెనని మరొక పక్షము, దోషి మనసు మారి సంఘమున మరల మనుష్యుడై మెలగవలెనని ఇంకొక పక్షము చిరకాలముగా వాదించుచునే యున్నవి. తక్కిన నేరములలో ఈ మూడింటిని తూచుట కొంత సులభము. దొంగిలించినవాడు సొమ్ము తిరిగి ఈయగలడు. లైంగికాపరాధమున పోయినది తిరిగి ఇచ్చునట్టిది కాదు, పైగా బాధితురాలు పెక్కుసారులు చిన్నపిల్ల. అందుచేత ఈ తరగతి నేరములలో సంస్కరణమను మాట న్యాయమూర్తి నోట వెలువడుటయే అరుదు; వెలువడినను లోకము సహించుట మరింత అరుదు.

ఈ విషయమును చిత్తూరు సీమలోని మూడు పట్టణముల నుండి చూచుట ఈ వ్యాసపు ఉద్దేశము. మదనపల్లె సబుకలెక్టరు కచ్చేరి గల పాత డివిజను కేంద్రము; టమాట మార్కెట్టుకును, నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గములకును పేరుపడినది. పుంగనూరు పూర్వము జమీందారుల సంస్థానము. ఆ ఊరి పొట్టి జాతి ఆవులు నేడు దేశమంతట ప్రసిద్ధములు. కుప్పము ఆంధ్ర, తమిళ, కర్ణాటక సీమలు కలియు మూలనుండి, తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరికి కూలికి పోయివచ్చు జనముతో నిండిన ఊరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడకముందు మదనపల్లె కడప జిల్లాలో నుండెను. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో అన్నమయ్య జిల్లాకు పోగా, పుంగనూరు, కుప్పములు చిత్తూరులోనే నిలిచెను. ఈ ప్రాంతపు అప్పీళ్లు తొలుత మద్రాసునకును, 1954 నుండి గుంటూరునకును, 1956 నుండి హైదరాబాదునకును, 2019 జనవరి 1 నుండి అమరావతికిని నడచినవి. ఊరు కదలకయే కోర్టు మూడుసారులు కదలిన సీమ ఇది.

దండన, సంస్కరణము అనునవి రెండు వేర్వేరు వస్తువులను తలపు మనకు క్రొత్తది. ధర్మశాస్త్రమున రాజు విధించిన దండము ననుభవించినవాడు పాపవిముక్తుడై శుద్ధుడగునని యుండుటచే, శిక్షయే ప్రాయశ్చిత్తముగను, శిక్షయే చికిత్సగను భావింపబడినది. వ్యవహారపదములు పదునెనిమిదింటిలో స్త్రీసంగ్రహణ మొకటి. మితాక్షరను తెలుగున విజ్ఞానేశ్వరీయముగా రచించిన కేతన మూలమున ఆ శాస్త్రము తెలుగు పాఠకులకును అందెను. అయితే అందలి శిక్షల పట్టిక వర్ణమునుబట్టి హెచ్చుతగ్గులుగా నుండెనన్న సత్యమును దాచుట తగదు. కౌటిల్యుడు తన వర్ణమునకే చెందిన రజస్వల కాని కన్యను చెఱచినవానికి చేయి నరుకుటనో నాలుగువందల పణముల జరిమానానో చెప్పి, ఆ బాలిక మరణించెనేని వానికి వధ విధించెను. బాధితురాలి మరణముతో శిక్ష పై మెట్టునకు పోవు ఈ క్రమము నేటి భారతీయ న్యాయ సంహిత 66వ సెక్షనులోను కనబడును.

1860 నాటి భారత శిక్షాస్మృతి బలాత్కారమునకు యావజ్జీవ ద్వీపాంతరవాసమునో, పదేండ్ల వరకు కారాగారమునో విధింపవచ్చునని పై హద్దు చెప్పెనేగాని, క్రింది హద్దు చెప్పలేదు. అనగా న్యాయమూర్తి కోరినచో ఒక దినపు శిక్షతో సరిపుచ్చవచ్చును. 1909 నాటి కొరడా శిక్షల చట్టము ప్రకారము ఈ నేరమునకు దెబ్బలు కొట్టించుటయు సాధ్యమయ్యెను. ఆ పద్ధతి 1955లో చట్టపూర్వకముగా తొలగినది. శిక్ష ఇట్లుండగా నేరపు నిర్వచనము వయసు వెంట నడచెను. బాలిక సమ్మతికి విలువనిచ్చు వయసు 1860లో పది, 1891లో పండ్రెండు, 1925లో పదునాలుగు, 1949లో పదునారు, 2013లో పదునెనిమిది. ఒక్కొక్క మెట్టెక్కినప్పుడు నిన్నటివరకు నేరము కాని కార్యమొకటి నేడు నేరమగుచు వచ్చినది. కుప్పము, పుంగనూరు పల్లెల కేసులను గూర్చి మాటాడునప్పుడు ఈ సంగతి మరల ఎదురగును.

స్వాతంత్ర్యానంతరము సంస్కరణవాదము న్యాయస్థానములలో గొంతెత్తిన కాలము 1970 దశకము. ఆ గొంతు వి. ఆర్. కృష్ణయ్యరుది. 1977లో ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన గియాసుద్దీను కేసులో, ఉద్యోగము లిప్పింతునని మోసగించిన యువకుని మూడేండ్ల శిక్షను పదునెనిమిది నెలలకు తగ్గించి, నేరస్థుడు రోగి వంటివాడనియు, చెఱసాల చికిత్సాలయము కావలెననియు ఆయన విపులముగా వ్రాసెను. అది లైంగికాపరాధము కాదు. కాని భారతదేశమున సంస్కరణ సిద్ధాంతమును ఉదాహరింపదలచిన ప్రతి వకీలు నేటికిని తెరచు పుట అదియే, అదియు తెలుగుగడ్డ కేసే. రెండేండ్ల తరువాత హర్యానా నుండి వచ్చిన అత్యాచారపు కేసులో అదే న్యాయమూర్తి ఇరువదిరెండేండ్ల దోషి వయసును, మునుపు నేరచరిత్ర లేమిని పరిగణించి నాలుగేండ్ల శిక్షను రెండేండ్లకు కుదించెను. ఆ తీర్పులోని కరుణ గొప్పది. కాని దాని చూపంతయు దోషి మీదనే నిలిచి, బాధితురాలు కొన్ని వాక్యములలోనే కనుమరుగైనదని ఈనాటి పాఠకునకు తోచక మానదు.

లోకపు చూపు మరలుటకు హైదరాబాదే ఒక కారణమైనది. 1978లో నల్లకుంట పోలీసు ఠాణాలో నిర్బంధితయైన స్త్రీపై జరిగిన అత్యాచారమును, ఆమె భర్త మరణమును విచారించిన జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను తప్పుపట్టెను. ఐనను కర్ణాటకకు బదిలీయైన విచారణలో ముద్దాయిలు విడుదలైరి. అదే కాలమున మహారాష్ట్రకు చెందిన మథుర యను యువతిపై జరిగిన అత్యాచారపు కేసులో సర్వోన్నత న్యాయస్థానము పోలీసులను నిర్దోషులనెను. ఈ రెండింటి నుండి రేగిన ఆందోళన 1983 సవరణకు దారితీసెను. అత్యాచారమునకు ఏడేండ్లు, పోలీసు నిర్బంధమునందును, సామూహికముగను, పండ్రెండేండ్లలోపు బాలికపైనను జరిగినచో పదేండ్లు కనిష్ఠ శిక్షగా ఏర్పడెను. అయితే తగినట్టియు ప్రత్యేకమైనట్టియు కారణములను తీర్పున వ్రాసి న్యాయమూర్తి ఆ హద్దుకు దిగువకు పోవచ్చునని ఒక మినహాయింపును ఉంచిరి.

ఆ మినహాయింపు ఎట్లు వినియోగపడినదో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము స్వయముగా సర్వోన్నత న్యాయస్థానమునకు కొనిపోయిన రెండు అప్పీళ్లు తెలుపును. మొదటిదానిలో పదుమూడు, పదునాలుగేండ్ల బాలికను చెఱచినవానికి క్రింది కోర్టు పదేండ్లు విధింపగా, ఉన్నత న్యాయస్థానము నాలుగేండ్లకు తగ్గించెను. 1995లో సర్వోన్నత న్యాయస్థానము దానిని ఏడేండ్లకు పెంచి, ఇట్టి కేసులలో శిక్షను నిర్ణయింపవలసినది దోషి స్థితిగతులు మాత్రమే కాదనియు, న్యాయముకై సంఘము పెట్టు మొర కూడ కోర్టు చెవిని పడవలెననియు చెప్పెను. రెండవదానిలో బాధితురాలి వయసు అయిదేండ్లు. పదేండ్ల శిక్షను ఉన్నత న్యాయస్థానము అయిదేండ్లు చేయగా, 2000లో ఢిల్లీ మరల పదేండ్లు చేసెను. రెండు కేసులలోను పై కోర్టు తప్పుపట్టినది శిక్ష తగ్గించుటను కాదు, కారణము చెప్పకుండ తగ్గించుటను. యువకుడనియో, మొదటి తప్పనియో, పెండ్లాముబిడ్డలు కలవాడనియో ఒక్క వాక్యము వ్రాసి సగము శిక్ష తీసివేయుట సంస్కరణము కాదు, దయాదాక్షిణ్యము మాత్రమే. సంస్కరణమనగా దోషి ఎవరు, ఏల చేసెను, మరల చేయునా, చేయకుండుటకు ఏమి కావలెను అని విచారించుట; ఆ విచారణ ఏ తీర్పులోను కానరాదు. న్యాయమూర్తులు స్వేచ్ఛను ఉపయోగించిరేగాని దానికి ఆధారమును సమకూర్చుకొనలేదు. తుదకు శాసనసభలు ఆ స్వేచ్ఛనే లాగుకొనుటకు ఇది దోహదమైనదని నా అభిప్రాయము.

2012 నవంబరు 14న లైంగికాపరాధముల నుండి బాలలను కాపాడు చట్టము, జనవ్యవహారమున పోక్సో, అమలులోనికి వచ్చెను. ఆ డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరము పిమ్మట నియమింపబడిన జస్టిస్ వర్మ సంఘము 2013 జనవరి 23న నివేదిక నిచ్చుచు, అత్యాచారమునకు ఉరిశిక్ష వలదనియు, ఔషధములచే పుంస్త్వమును హరించు పద్ధతి తగదనియు, ఘోరమైన కేసులలో శేషజీవితమంతయు కారాగారమే చాలుననియు సూచించెను. శాసనకర్తలు సూచనలలో కొన్ని గ్రహించి కొన్ని విడిచిరి. 2013 సవరణలో న్యాయమూర్తికి దిగువకు పోవు మినహాయింపు రద్దయ్యెను. 2018లో కనిష్ఠ శిక్ష పదేండ్లకు, పదునారేండ్లలోపు బాలిక విషయమున ఇరువదేండ్లకు పెరిగి, పండ్రెండేండ్లలోపు బాలిక విషయమున మరణదండనకు కూడ ద్వారము తెరచుకొనెను. 2019లో పోక్సో చట్టము అదే దారిపట్టెను. 2024 జులై 1న వచ్చిన న్యాయ సంహిత ఆ అంకెలనే 64 మొదలు 70 వరకు గల సెక్షనులలో స్థిరపరచెను. పోక్సో కనిష్ఠమునకు తక్కువ శిక్ష విధించు అధికారము ఏ కోర్టుకును లేదనియు, దోషి జీవితమున ముందుకు సాగినాడన్నది అందుకు కారణము కాజాలదనియు 2023లో సర్వోన్నత న్యాయస్థానము తేల్చిచెప్పెను.

ఫలితము విచిత్రము. దోషి మారునా మారడా అన్న ప్రశ్నను న్యాయశాస్త్రము నేడు సంపూర్ణముగా అడుగునది ఒక్క చోటనే: ప్రాసిక్యూషను ఉరిశిక్షను కోరిన చోట. మధ్యస్థమైన నేరము చేసిన యువకుని విషయమున ఆ ప్రశ్నకు చోటులేదు. అంకె ముందే వ్రాసియున్నది. అత్యంత క్రూరుడైనవాని విషయముననే కోర్టు వాని బాల్యమును, చదువును, మనఃస్థితిని, జైలు నడవడిని తరచి చూడవలసియున్నది. చికిత్సకు లొంగు రోగిని చూడక, ఆశలేని రోగి మంచముకడనే వైద్యుడు కూర్చున్నట్లున్నది ఈ ఏర్పాటు.

మదనపల్లె ప్రాంతము ఈ రెండవ కోవకు ఉదాహరణమైనది. 2019 నవంబరులో మదనపల్లె చేరువనున్న కురబలకోట మండలమున ఒక పెండ్లికి తల్లిదండ్రులతో వచ్చిన అయిదేండ్ల బాలికను కల్యాణమండపము నుండి కొనిపోయి, చెఱచి చంపిన ఘటన సీమనంతటిని కుదిపివేసెను. మదనపల్లె ప్రాంతపు లారీ డ్రైవరు ఒకడు పట్టుబడెను. పోలీసులు పదునేడు దినములలో ఛార్జిషీటు దాఖలు చేసిరి. చిత్తూరు ప్రత్యేక న్యాయస్థానము 2020 ఫిబ్రవరి 24న, అనగా నేరము జరిగిన మూడున్నర నెలలలో, మరణశిక్ష విధించెను. సెషన్సు కోర్టు చెప్పిన ఉరి ఉన్నత న్యాయస్థానము ధ్రువపరచినగాని అమలు కాదన్నది పాత నేరవిచారణ స్మృతిలోని 366వ సెక్షను, నేటి నాగరిక సురక్షా సంహితలోని 407వ సెక్షను. ఇది కేవలము లాంఛనము కాదు. సాక్ష్యమును మొదటినుండి మరల తూచి, శిక్షా కారణములను మరల పరీక్షింపవలసిన బాధ్యత.

ఆ బాధ్యత ఎంతటిదో అదే సంవత్సరపు వరంగల్లు కేసు చూపినది. హనుమకొండలో తొమ్మిది నెలల పసికందు విషయమున జరిగిన నేరమునకు వరంగల్లు కోర్టు 2019 ఆగస్టు 8న ఉరి విధింపగా, మూడు నెలలకే తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దానిని చివరి శ్వాస వరకు కారాగారముగా మార్చెను. జనము నొచ్చుకొనెను. మరి కొన్ని దినములకే హైదరాబాదు శివారున పశువైద్యురాలిపై జరిగిన దారుణమును, 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లెకడ నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చచ్చుటను రాష్ట్రములు రెండును చూచినవి. నాడు పోలీసులపై పూలు చల్లినవారిని తప్పుపట్టుట సులభము. కోర్టులపై వారికి విశ్వాసము ఏల సన్నగిల్లెనో అడుగుట కష్టము. సర్వోన్నత న్యాయస్థానము నియమించిన సిర్పుర్కర్ కమిషను ఆ కాల్పులు ప్రాణములు తీయు ఉద్దేశముతోనే జరిగినవని 2022లో తేల్చెను. ఇక ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరు 13న దిశ బిల్లును ఆమోదించి, ఏడు పనిదినములలో దర్యాప్తు, పదునాలుగు పనిదినములలో విచారణ, మొత్తము ఇరువదియొక్క పనిదినములలో తీర్పు అని గడువు పెట్టెను. రాష్ట్రపతి ఆమోదము లేక అది చట్టము కాలేదు. ఇరువదియొక్క దినములలో నేరము తేలవచ్చునేమో కాని, నేరస్థుని మనసు తేలునా అన్న ప్రశ్న ఆ చర్చలలో అంతగా వినబడలేదు.

తొందర ప్రమాదమన్నది ఊహ కాదు. 2007లో విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నములోని వసతిగృహములో విద్యార్థిని హత్యాచారమునకు గురికాగా, పట్టుబడిన యువకునకు 2010లో శిక్ష పడెను. 2017 మార్చి 31న ఉన్నత న్యాయస్థానము అతడు నిర్దోషియని విడిచెను. ఎనిమిదేండ్లకు పైగా అతడు జైలులో గడపెను. మచిలీపట్నమునకు చెందిన సాఫ్టువేరు ఉద్యోగిని 2014లో ముంబైలో హత్యకు గురైన కేసులోను రెండు కోర్టులు ఉరి ఖాయపరచిన పిమ్మట, 2025 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము సాక్ష్యము చాలదని ముద్దాయిని విడుదల చేసెను. పుంగనూరు కూడ ఒక పాఠము నేర్పినది. 2024 సెప్టెంబరు చివర అచ్చట ఏడేండ్ల బాలిక అదృశ్యమై, పిదప నీటి చెరువులో శవమై తేలినప్పుడు, అది అత్యాచారమేనని ఊరంతయు నమ్మి ఊగిపోయెను. శవపరీక్షలో అట్టి ఆనవాళ్లు లేవనియు, అప్పు తగాదాయే కారణమనియు పోలీసులు ప్రకటించిరి.

ఉరిశిక్ష విషయమున కోర్టులు తమకు తాము విధించుకొన్న నియమములు కాలక్రమమున గట్టిపడినవి. శిక్షను గూర్చి దోషిని ప్రత్యేకముగా వినవలెనన్న నిబంధన 1973 నాటి నేరవిచారణ స్మృతిలోని 235వ సెక్షనులో చేరినది. అది లాంఛనము కారాదని 1976లోనే చెప్పబడెను. 1980 నాటి బచ్చన్ సింగ్ తీర్పు, దోషి సంస్కరణకు లొంగడని ప్రభుత్వమే రుజువు చేయవలెనని భారమును ప్రభుత్వముపై మోపెను. 2022లో మధ్యప్రదేశ్ నాలుగేండ్ల బాలిక కేసులో ఉరిని జీవితఖైదుగా మార్చిన ధర్మాసనము, పగతీర్చుకొనుట మాత్రమే శిక్షకు లక్ష్యము కాదని చెప్పెను. అదే సంవత్సరము మనోజ్ కేసు తీర్పు ముద్దాయి మానసిక పరీక్షా నివేదికను, జైలు నడవడి నివేదికను, కుటుంబ చరిత్రను కోర్టు ముందుంచవలెనని వివరముగా ఆదేశించెను. తీర్పు చెప్పిన దినముననే శిక్షను కూడ వినుట న్యాయమేనా అన్న ప్రశ్న 2022 సెప్టెంబరులో విస్తృత ధర్మాసనమునకు వెళ్లినది. దోషియని చెప్పి, మధ్యాహ్న భోజనానంతరము ఉరియని చెప్పు తీర్పులు మన జిల్లా కోర్టులలో అపూర్వములు కావు. ఆ రెండు గంటలలో వకీలు ఏ బాల్యమును వెదకి తేగలడు?

ఇక ఉరికి దూరమైన, ఏ పత్రికలోను మొదటి పుటకెక్కని కేసులు. కుప్పము, పుంగనూరు పల్లెలలో పోక్సో కేసనగానే జనులకు మొదట తోచునది రాక్షసకృత్యము కాదు, లేచిపోయిన జంట. ఆంధ్రప్రదేశ్‌లో ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయసు స్త్రీలలో నూటికి 29.3 మంది పదునెనిమిది నిండకయే పెండ్లాడిరని అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే తెలుపుచున్నది. మేనరికమును, అక్కకూతురిని చేసికొనుటను ఆచారముగా ఎంచు సీమ ఇది. పదునేడేండ్ల పిల్ల ఇరువదియొక్కేండ్ల కుర్రవానితో బస్సెక్కి బెంగుళూరికో హోసూరుకో పోయినచో, తండ్రి ఠాణాలో కాగితమిచ్చును. పిల్ల దొరకినప్పుడు వైద్యపరీక్ష, వాంగ్మూలము, పోక్సో. కుర్రవాడు సబుజైలుకు, పిల్ల వసతిగృహమునకు. కేసు కోర్టుకు వచ్చునప్పటికి వారికి ఒక బిడ్డ పుట్టియుండవచ్చును. సాక్షి బోనున ఆమె అతడు తన మగడని చెప్పును. చట్టమున ఆమె సమ్మతికి విలువ లేదు; శిక్ష పదేండ్లకు తగ్గదు.

ఇట్టి ముడిని విప్పినది సర్వోన్నత న్యాయస్థానమే, అదియు అసాధారణాధికారముతో. తమిళనాడులో అక్కకూతురిని పెండ్లాడిన మేనమామకు పోక్సో క్రింద పడిన పదేండ్ల శిక్షను, 2022 మే నెలలో, తెలుగువాడైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు అధ్యక్షత వహించిన ధర్మాసనము రద్దుచేసెను. వారికి బిడ్డలు కలరు. ఆ సీమలో మేనమామ పెండ్లి ఆచారము. సంసారమును కూల్చుట తగదు అన్నది సారాంశము, అయితే ఇది మరొక కేసునకు దృష్టాంతము కారాదని కూడ వ్రాసిరి. 2025 మే 23న పశ్చిమ బెంగాలు కేసులో జస్టిస్ అభయ్ ఓకా, మునుపు తెలంగాణ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఇంకొక అడుగు వేసిరి: నేరము రుజువైనదని నిలిపియే, రాజ్యాంగపు 142వ అధికరణము క్రింద శిక్ష విధింపక విడిచిరి. బాధితురాలిని చట్టము బాధించిన రీతి నేరము బాధించిన రీతికంటె ఎక్కువయని వారు గ్రహించిరి. కాని 142వ అధికరణము కుప్పము కోర్టుకు లేదు, చిత్తూరు ప్రత్యేక కోర్టుకు లేదు. ఢిల్లీదాక పోగలిగినవానికే ఆ కరుణ.

ఈ కేసులతో కలిపి చూడరాని మరొకటి కలదు. రచ్చబండమీద పెద్దమనుషులు కూడి, జరిమానా కట్టించియో, చెఱచినవానికే పిల్లనిచ్చి పెండ్లి చేయించియో పంచాయితీ తీర్చు రాజీ. ఇట్టి రాజీ శిక్ష తగ్గింపునకు కారణము కాదని సర్వోన్నత న్యాయస్థానము 2013లోను, 2015లోను గట్టిగా చెప్పెను. నిందితుడు బాధితురాలిచే రాఖీ కట్టించుకొనవలెనన్న బెయిలు షరతును 2021లో కొట్టివేసెను. ఇష్టపడి పోయిన పిల్ల కథయు, బలవంతపు పెండ్లికి తలవంచిన పిల్ల కథయు కాగితముమీద ఒక్కటిగానే కనబడును. ఈ రెంటిని వేరుచేయు కన్ను కనిష్ఠ శిక్ష అను అంకెకు లేదు; ఆ పిల్ల మాటను ఏకాంతమున, భయములేనిచోట విన్న వ్యక్తికే కలదు. పోక్సో చట్టము వాంగ్మూలమును స్త్రీ అధికారి పిల్ల ఇంటనే, పోలీసు దుస్తులు లేకుండ తీసికొనవలెననియు, అవసరమైనచో అనువాదకుని సాయము పొందవలెననియు చెప్పినది. తమిళము, కన్నడము, తెలుగు కలగలుపుగా పలుకు కుప్పములో ఈ చివరి మాట అలంకారము కాదు.

శిక్ష పడినవాడు ఎచ్చటికి పోవును? మదనపల్లె సబుజైలు వంటివి ప్రధానముగా విచారణఖైదీల కొరకు ఏర్పడినవి. దీర్ఘశిక్ష పడినవారు కడప కేంద్ర కారాగారమునకు పోవుదురు. అచ్చట చేతిపనులు, చదువు, సత్ప్రవర్తనకు శిక్షలో తగ్గింపు కలవు. అనంతపురము బహిరంగ కారాగారమున ఎంపికైన ఖైదీలు పొలము పనిచేయుదురు. ఇవియన్నియు దొంగకును, హంతకునకును పనికివచ్చు సంస్కరణములు. బల్ల చేయుట నేర్చినంతమాత్రమున పిల్లలపై కన్నువేయువాని వంకర చక్కబడదు. పాశ్చాత్యులు ఈ లోపమును గుర్తించి ప్రత్యేక చికిత్సా కార్యక్రమములు నెలకొల్పిరి. అందును జాగ్రత్త వలయును: ఇంగ్లండు జైళ్లలో సుమారు రెండున్నర దశాబ్దములు నడచిన లైంగికాపరాధుల చికిత్సను 2017లో నిలిపివేసిరి, ఏలయనగా చికిత్స పొందినవారిలో నూటికి 10 మంది, పొందనివారిలో 8 మంది మరల లైంగికాపరాధము చేసిరని ప్రభుత్వ పరిశోధనయే తేల్చెను. గుంపులో కూర్చుండి తమ నేరములను వర్ణించుకొనుట కొందరికి మేలుకంటె కీడే చేసినట్లున్నది. అదే కాలమున కెనడాలో 1994లో ఒక చర్చి సంఘపు పూనికతో మొదలైన వేరొక పద్ధతి నిలద్రొక్కుకొనెను: విడుదలైనవాని చుట్టును నలుగురైదుగురు పౌరులు వలయముగా నేర్పడి, వానికి తోడునీడయై, వానిమీద కన్నువేసియుండుట. ఇరుగుపొరుగు ఎరిగిన మన ఊళ్లలో ఇది సాధ్యమేనా, లేక ఇరుగుపొరుగు ఎరిగియుండుటయే దానికి అడ్డమా యనునది ఆలోచింపదగినది.

పునరావాసమను మాటను దోషికి మాత్రమే తగిలించుట ఈ చర్చలోని పాత పొరపాటు. ఆ మాటపై మొదటి హక్కు బాధితురాలిది. 2018లో సర్వోన్నత న్యాయస్థానము అంగీకరించిన జాతీయ న్యాయసేవల సంస్థ పథకమున అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుండి 7 లక్షల వరకు, సామూహికాత్యాచారమున 5 లక్షల నుండి 10 లక్షల వరకు పరిహారము నిర్ణయింపబడెను. పోక్సో కోర్టు విచారణ ముగియకముందే మధ్యంతర పరిహారమునకు ఆదేశింపవచ్చును. దోషి జరిమానా కట్టలేనివాడైనను ఈ సొమ్ము రాష్ట్రము ఈయవలసినదే. దీనికై దరఖాస్తు పెట్టవలసినది జిల్లా న్యాయసేవాధికార సంస్థకు. కుప్పము కొండమీది పల్లె నుండి చిత్తూరికి రానుపోను కూలి పోగొట్టుకొనవలసిన తండ్రికి ఆ దూరమే మరొక జరిమానా.

జీవితఖైదనగా పదునాలుగేండ్లని మన పల్లెలలో వాడుక. అది తప్పు. జీవితఖైదు జీవితమంతయు ఖైదే. 1978లో చేరిన నిబంధన మరణదండనకు తగిన నేరములలో పదునాలుగేండ్లకు ముందు విడువరాదని మాత్రమే చెప్పినది. ఆ పిదప విడుచుట ప్రభుత్వపు విచక్షణ. ఆ విచక్షణకును హద్దు కలదని, 2002 నాటి గుజరాత్ అల్లర్లలోని సామూహికాత్యాచారము, హత్యల కేసులో పదునొకండుగురికి ఈయబడిన విడుదలను 2024 జనవరి 8న రద్దుచేసి సర్వోన్నత న్యాయస్థానము చూపెను. పోక్సో 6వ సెక్షను క్రింద శేషజీవితమంతయు కారాగారమని వ్రాయబడినవానికి ఆ తలుపు మరింత ఇరుకు.

పది, ఇరువదేండ్లు గడపి బయటికి వచ్చువారి సంగతి వేరు. వారు వచ్చియే తీరుదురు. 1958 నాటి ప్రొబేషను చట్టము యావజ్జీవశిక్షకు అర్హమైన నేరములకు వర్తింపదు గనుక, వీరి వెంట ప్రొబేషను అధికారి లేడు. 2018 సెప్టెంబరు 20న కేంద్రము లైంగికాపరాధుల జాతీయ పట్టికను నాలుగు లక్షల పైచిలుకు పేర్లతో ప్రారంభించినది. అమెరికాలోని మేగన్ చట్టము వలె అది జనుల ఎదుట పరచబడలేదు, పోలీసులు మాత్రమే చూడవచ్చును. కడప జైలు నుండి విడుదలైనవాడు మదనపల్లెలో దిగి, సొంత ఊరు రానీయనిచో, మరునాడు కుప్పము మీదుగా బెంగుళూరు రైలెక్కి కట్టడపు పనిలో కలసిపోవును. మేస్త్రికి అతని పేరు తెలియును, ఊరు తెలియును, అంతవరకే.